నాన్న తువ్వాలు, అత్త సెంటు

పోయిన నెల ఖమ్మం నుంచి కొత్తగూడెం పోయే బస్సులో, ఏన్కూరు దాటాక, నా ముందు సీటులో కూర్చున్న అమ్మాయి చేతిసంచిలోంచి చిన్న గాజు సీసా తీసి మెడకు రెండు పక్కలా కొట్టుకుంది. అప్పటిదాకా బస్సు నిండా కళ్లాల్లో ఎండుతున్న మిరపకాయల ఘాటు, ఎవరిదో టిఫిను డబ్బాలోని పులిహోర వాసన, డీజిలు వాసన కలగలిసి ఉన్నాయి. వాటన్నిటినీ పక్కకు జరుపుకుంటూ, పచ్చి నారింజ తొక్కను గోటితో గిల్లినట్టు ఒక వాసన వచ్చి నా ముఖానికి తగిలింది. ముందుకు వంగి, ఆ సీసా ఒకసారి చూడవచ్చా అని అడిగాను. ఆ పిల్ల నవ్వి చేతికిచ్చింది. సీసా ఆకారం మారింది, మూత మారింది, పేరు మాత్రం అదే. మా ఇంట్లో ఎవరమూ ఒక్కసారి కూడా సరిగ్గా పలకలేకపోయిన ఫ్రెంచి పేరు.

"మీరు గూడ కొట్టుకోండి ఆంటీ. బాగ కాస్ట్‌లీ ఇది, నేను ఆఫీసుకు గూడ పెట్టుకోను. ఇయ్యాల మా అక్క పెళ్లని తీసిన" అంది. నేనూ పెళ్లికే పోతున్నాను, చిన్ననాటి స్నేహితురాలి కొడుకు పెళ్లికి. మెడకు వద్దని, చేతిరుమాలు చాపాను.

నేను పదో తరగతితో చదువు ఆపేసిన మనిషిని. ఆ తర్వాత నాకు తెలిసిందంతా గ్రంథాలయం పెట్టిన భిక్ష. మా కాలనీలో క్లబ్బును ఆనుకుని ఉన్న రెండు గదుల గ్రంథాలయంలో, ఎండాకాలం మధ్యాహ్నాలు కిర్రుమనే ఫ్యాను కింద కూర్చుని, చెదలు తినగా మిగిలిన విజ్ఞాన సర్వస్వం సంపుటాలన్నీ అక్షరం వదలకుండా చదివాను. చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు, కొంచెం గర్వం కూడా ఉంది. మేలురకం సుగంధం ఒక్కసారిగా విప్పుకోదని, మూడు అంచెలుగా విప్పుకుంటుందని అక్కడే తెలుసుకున్నాను. మొదట నిమ్మ, నారింజ జాతి వాసనలు వచ్చి కాసేపట్లో ఎగిరిపోతాయి. తర్వాత పూలు వస్తాయి. అన్నిటికంటే ఆలస్యంగా, ఒంటి వేడికి, గంధపు చెక్కలూ చెట్ల జిగుర్లూ బెరడు మీది నాచూ కలిసిన బరువైన తీపి ఒకటి బయటికి వస్తుంది. అది బట్టకు అంటితే ఒక పట్టాన పోదు. రుమాలు మడిచి మెడ దగ్గర, జాకెట్టు అంచు లోపల పెట్టుకున్నాను. కొత్తగూడెం చేరేసరికి మొదటిది పోతుంది. పెళ్లిభోజనాల వేళకు రెండోది వస్తుంది. నాకు కావలసింది మూడోది. అది మా విమలత్త వాసన.

విమలత్త మా నాన్నకు చెల్లెలు. నాన్న బొగ్గుగనిలో సర్దారు. గని అని ఇప్పుడు రాస్తున్నాను గానీ మా కాలనీలో ఎవరూ ఆ మాట అనేవారు కాదు, అందరికీ అది బాయే. సర్దారంటే తన కింద పనిచేసే మనుషుల కంటే ముందు పోయి పైకప్పు, గోడలు, గాలి చూసి, లోపలికి రావచ్చో రాకూడదో చెప్పే మనిషి. బొగ్గు తీయడం అయిపోయిన చోట్లను గోడలు కట్టి మూసేస్తారు. ఆ గోడల వెనక మిగిలిపోయిన బొగ్గు ఒక్కోసారి ఎవరూ ముట్టించకుండానే దానంతటదే వేడెక్కి రగులుకుంటుంది. పొగ కంటికి కనిపించే ముందు ముక్కుకు తెలుస్తుంది. ఆ వాసన మొదట తియ్యగా ఉంటుందని, ముదిరితే కిరసనాయిలు లాగా మారుతుందని నాన్న చెప్పేవాడు. గాలిని పరీక్షించే పరికరాలూ ఉండేవి, వాటితో దిగే అధికారులూ ఉండేవారు. కానీ పొద్దున్నే అందరికంటే ముందు ఆ గోడల దగ్గరికి పోయేది నాన్న ముక్కే.

అందుకని మా ఇంట్లో కొన్ని కట్టుబాట్లు ఉండేవి. నాన్న మొదటి షిఫ్టుకు పోయే రోజుల్లో దేవుడి దగ్గర దీపమే గానీ అగరుబత్తి లేదు. తాలింపు ఆయన గడప దాటిన తర్వాతే. అమ్మ తలలో మల్లెపూలు ఆదివారం మాత్రమే. ఆదివారాన్ని కాలనీలో ప్లేడే అనేవాళ్లు. వారమంతా దాచుకున్న వాసనలన్నీ ఆ ఒక్క రోజున మా ఇంట్లోంచి బయటికి వచ్చేవి. పొద్దున్నే శీకాయ, తడి జుట్టు కింద సాంబ్రాణి పొగ, పెరట్లో కుంపటి మీద అల్లం వెల్లుల్లితో ఉడుకుతున్న మేకమాంసం, పెంకు మీద కాలుతున్న జొన్నరొట్టె, సాయంత్రానికి పూలు. సోమవారం నుంచి మళ్లీ బొగ్గుపొగ. కాలనీలో ప్రతి ఇంటి ముందూ తెల్లవారగానే బొగ్గు ముట్టించి పెట్టేవాళ్లు. ఆ పొగ క్వార్టర్ల వరసల మధ్య మంచులాగా నడుం ఎత్తున నిలబడి ఉంటే, మేము దాన్ని చీల్చుకుంటూ బడికి పోయేవాళ్లం.

ఆ ఇంటికి విమలత్త వచ్చింది. మామయ్య కూడా బాయి కార్మికుడే, పైకప్పు కూలి పోయాడు. ఆయన ఉద్యోగానికి బదులుగా అత్తకు కంపెనీ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటరు పని ఇచ్చారు. పిల్లలు లేరు. పని నేర్చుకోవడానికి కొన్నాళ్లు హైదరాబాదు పంపారు. తిరిగి వచ్చిన రోజు, మా కొత్తగూడెంలోనే ఉన్న భద్రాచలం రోడ్డు స్టేషనుకు నేనే ఎదురెళ్లాను, మిఠాయి తెస్తుందన్న ఆశతో. రిక్షాలో సంచి విప్పి చూస్తే మిఠాయి లేదు, దూదిలో చుట్టిన ఒక సీసా ఉంది. "మొదటి జీతం అంత దీనికే పెట్టిన కోడలా. మీ అమ్మకు చెప్పకు, గుండె ఆగుతది" అంది. నన్నెప్పుడూ కోడలా అనే పిలిచేది.

మామయ్య పోయినప్పుడు ఊరి పెద్దలు అత్తకు పూలు తీయించారు, బొట్టు తీయించారు, గాజులు, పసుపు తీయించారు. సెంటు తీయించాలని మాత్రం ఎవరికీ తోచలేదు, ఎందుకంటే అప్పటిదాకా మా వంశంలో సెంటు అనే వస్తువు ఎవరి దగ్గరా లేదు. సంగతి తెలిసి అమ్మ మొదట నొచ్చుకుంది, జనం ఏమనుకుంటారోనని. అత్త నెమ్మదిగా ఒకే మాట అంది. "పూలైతే అందరికీ కనపడ్తయి వదినా. ఇది కనపడది గదా." ఇంటి కట్టుబాటు ప్రకారం ఆదివారం మాత్రమే పెట్టుకోవాలని ఒప్పందం కుదిరింది.

ఆమె ఆ సెంటు పెట్టుకునే పద్ధతి ఇప్పటికీ నా కళ్ల ముందుంది. పొడుగాటి గాజు బిరడాను సీసాలోంచి తీసి, అంచుకు ఒకసారి తాకించి అదనపు చుక్కను లోపలికే జార్చి, చెవుల వెనక, మణికట్ల లోపల, తడి జుట్టు చివర్లకు ముట్టించేది. రుద్దేది కాదు. నేను రుద్దుకోబోతే చెయ్యి పట్టుకుని, "రుద్దితే చస్తది" అనేది. మనిషి కూడా అట్లాగే ఉండేది. ఎక్కువ మాట్లాడేది కాదు, ఎవరి మీదా ఆనుకునేది కాదు. బొగ్గు ఊళ్లో ఎవరూ సాహసించని లేత రంగు చీరలు కట్టేది, మసి అంటితే సాయంత్రమే తానే ఉతుక్కునేది. తియ్యగా మాట్లాడేవాళ్లను అసలు నమ్మేది కాదు. చెవులకు ఆ బరువైన హెడ్‌ఫోను తగిలించుకుని, ఒక్కతే ఆ గదిలో కూర్చుని, బాయి నుంచి దవాఖానాకు, దవాఖానా నుంచి ఆఫీసుకు తీగలు కలిపేది. ఊరందరికీ ఆమె గొంతు తెలుసు, ముఖం తెలిసినవాళ్లు తక్కువ. మా పిల్లల ఆటల్లో ముఖ్యమైంది ఎక్స్‌చేంజి ఆట. ఖాళీ అగ్గిపెట్టెలకు దారం కట్టి, ఒకరు బాయి, ఒకరు దవాఖానా. విమలత్త ఎవరన్నదాని మీదే రోజూ తగువు.

మా పక్కింటి యాదమ్మకు మాత్రం ఆ వాసన కంటగింపుగా ఉండేది. ఒక ఆదివారం నల్లా దగ్గర అందరూ వింటుండగా, "ఎవల కోసం పూస్తున్నవే విమలా" అంది. "నీ మొగని కోసం కాదులే అక్కా, పరేషాన్ గాకు" అని అత్త బిందె ఎత్తుకుని వచ్చేసింది. నల్లా దగ్గర నవ్వులు మా గుమ్మం దాకా వినిపించాయి. కానీ బతుకమ్మ రోజుల్లో అత్తకు ఆ నోరు పెగిలేది కాదు. తంగేడు, గునుగు, బంతి వాకిలి నిండా పోసుకుని అమ్మా వాళ్లు బతుకమ్మను పేరుస్తుంటే అత్త ప్రహరీగోడను ఆనుకుని దూరంగా నిలబడేది. ఆడవాళ్లు వలయం కట్టి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేది. నేను ఆటలోంచి జారుకుని ఆమె పక్కన నిలబడితే ఆ పూలన్నిటి మీదుగా, వాటితో పని లేనట్టు, ఆమె సెంటు వాసన వచ్చేది.

ఒక వేసవి ముందు ఆదివారం నన్ను కిన్నెరసాని వైపు అడవి అంచుకు తీసుకుపోయింది. ఇప్పపూలు రాలే కాలం. చెట్ల కింద నేలంతా చీకటి ఉండగానే ఊడ్చి పెట్టారు, దాని మీద లేత పసుపు పూలు ముత్యాల్లాగా పడి ఉన్నాయి. గాలి పులిసిన బెల్లంలాగా ఉంది. అడవి పల్లెల ఆడవాళ్లు మాకు అర్థం కాని తమ భాషలో మాట్లాడుకుంటూ ఏరుతున్నారు. వాళ్లలో ఒక ముసలామె అత్త చెయ్యి పట్టుకుని మణికట్టు వాసన చూసి, కళ్లు పెద్దవి చేసి నవ్వి, గుప్పెడు ఇప్పపూలు ఆ చేతిలోనే పోసింది. అత్త కాసేపు వాటిని అట్లాగే పట్టుకుని చూసింది. "ఇవి తలల పెట్టుకునేటియి కావు గదా కోడలా, తినేటియి. వీటికి మనకు అడ్డు లేదు" అని ఒక్కొక్కటే నోట్లో వేసుకుంది.

చలికాలం ఒక ఆదివారం అత్త తలంటు పోసుకుని, జుట్టు చివర్లకు సెంటు ముట్టించుకుని, చేతికందిన తువ్వాలును తలకు చుట్టుకుంది. సాయంత్రం అది దండెం మీద ఆరింది. ఆరిన తర్వాత చలికి దానిలో ఏ వాసనా లేదు. సోమవారం నాన్న దాన్ని తీసి రోజూలాగే మెడకు చుట్టుకుని షిఫ్టుకు పోయాడు.

కింద వేడి. నడిచి నడిచి ఒళ్లంతా చెమట పట్టాక, మూసిన గోడ ఒకదాని దగ్గర ఆగి నాన్న గాలి పీల్చాడు. తియ్యగా తగిలింది. అనుమానంతో వెనక్కి వచ్చి మళ్లీ పీల్చాడు. అక్కడా తియ్యగానే ఉంది. ఇంకొంచెం దూరం పోయి చూశాడు, అక్కడా అంతే. వేడి బాగా పాకిందనుకుని ఆ వైపు పనిచేస్తున్న అందరినీ పనిముట్లు వదిలేసి బయటికి పొమ్మన్నాడు. అధికారులు పరికరాలతో దిగారు. గోడలు చల్లగా ఉన్నాయి, గాలి మామూలుగా ఉంది. ఆ పూట బొగ్గు ఉత్పత్తి పోయింది. పైకి వచ్చి ఎండలో నిలబడి ముఖం తుడుచుకోబోయినప్పుడు, తువ్వాలులోంచి ఆ తీపి మళ్లీ వచ్చి నాన్నకు సంగతి తెలిసిపోయింది.

నోరు మూసుకుంటే సరిపోయేది. జాగ్రత్త పడ్డాడని మెచ్చుకుని వదిలేసేవాళ్లు. కానీ ఆ గోడల మీద అనుమానం అట్లాగే ఉంటే ఎన్ని రోజులు మనుషులు వాటి చుట్టూ భయపడుతూ తిరగాలి? నాన్న నేరుగా మేనేజరు గదికి పోయి, వాసన గోడది కాదని, తన తువ్వాలుదని చెప్పాడు. మధ్యాహ్నానికి బాయంతా తెలిసింది, సాయంత్రానికి కాలనీ అంతా. పిల్లలు కూడా నన్ను చూసి ముక్కు మూసుకుని నవ్వారు.

ఇంటికి వచ్చి నాన్న ఆ తువ్వాలును అత్త ముందు పెట్టి, ఈ వాసన నీదేనా అని మాత్రం అడిగాడు. కోప్పడలేదు. సీసా తీసెయ్యమనలేదు. అత్త తప్పు తనదేనని ఒప్పుకుని ఆ తువ్వాలును కుంపటిలో వేసేసింది. అంతటితో ముగిసిపోయిందనే అనుకున్నాం. కానీ నవ్వు ముగియలేదు. నాన్న ఆగండి అన్నా, జరగండి అన్నా ఎవరో ఒకరు చతురు ఆడేవారు. కొన్ని వారాల తర్వాత ఒక రోజు, పైకప్పు చప్పుడు చేస్తోందని, వెనక్కి రమ్మని కేకేస్తే ఒక కుర్ర కార్మికుడు కదలకుండా, "చెల్లె తువ్వాలు గిట్ల కట్టుకొచ్చినవా సర్దారూ" అన్నాడట. నాన్న వాడి చొక్కా పట్టి ఇవతలికి లాగాడు. వాడు నిలబడిన చోట పెళ్ల రాలిపడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నాన్న ఈ మాట అన్నం తింటూ, తల వంచుకుని అమ్మకు చెప్పాడు. అత్త తన కంచం పక్కకు జరిపింది. మామయ్య పైకప్పు కిందే పోయాడని మాకెవరికీ గుర్తు చేయనక్కర్లేదు.

"నేను వేరే క్వార్టర్ అడుగుత అన్నా" అంది.

"ఆ సీసా పారేస్తే అయిపాయె గదా విమలా, ఇల్లెందుకు ఇడుసుడు" అంది అమ్మ.

"సీసా పారేసిన్నని ఎవలు నమ్ముతరు వదినా? ఈ ఇంట్ల నేనుంటే సీసా ఉన్నట్టే లెక్క. నేను లేనని ఎరికైతేనే అన్న మాట ఇంటరు."

నాన్న చేతిలో ముద్ద ఆరిపోయింది. చివరికి, "నిన్ను నేను పొమ్మంటలేను చెల్లె" అన్నాడు. "అవ్, ఎరికే అన్నా" అంది అత్త.

కాలనీ చివర, ఎక్స్‌చేంజికి దగ్గరలో ఒంటరి వాళ్లకు ఇచ్చే ఒకే గది క్వార్టర్ దొరికింది. ట్రంకుపెట్టె, మంచం, సీసా. అత్త వెళ్లిపోయిందన్న కబురు బాయికి చేరాక చతుర్లు నెమ్మదిగా ఆగిపోయాయి, నాన్న మాటకు పాత బరువు తిరిగి వచ్చింది. ఆమె అనుకున్నది జరిగింది. మా ఇంట్లో ఆదివారాలు మాత్రం మాంసం, సాంబ్రాణి, మల్లెపూలు అన్నీ ఉండి కూడా ఏదో మరిచిపోయినట్టుండేవి. నాన్న వారమంతా ఆమె గుమ్మం తొక్కేవాడు కాదు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం పోయి వరండాలో కూర్చునేవాడు. నేను మెట్ల మీద గ్రంథాలయం పుస్తకం చదువుకుంటూ ఉండేదాన్ని. సుగంధాల సంగతి చదివింది ఆ రోజుల్లోనే. ఒంటి వేడికే చివరి వాసన బయటికి వస్తుందని ఆమెకు చదివి వినిపిస్తే, చలికి తువ్వాలు ఎందుకు ఊరుకుందో అప్పుడర్థమై నాన్న, అత్త ఒకరినొకరు చూసుకున్నారు.

ఇప్పుడిక ఆమె రోజూ సెంటు పెట్టుకునేది. అడిగేవాళ్లు లేరు, వాసన చూసేవాళ్లూ లేరు. ఒకసారి ఎక్స్‌చేంజి తలుపు దగ్గర నిలబడి చూశాను. మూసిన కిటికీలు, గోడ నిండా తీగలు, ఎర్రగా వెలిగి ఆరే చిన్న దీపాలు, వాటి ముందు లేత నీలం చీరలో నిటారుగా కూర్చున్న ఆమె వీపు. గది నిండా ఆ వాసన. ఊరంతటి మాటలూ ఆ గదిలోంచే పోతున్నాయి, ఆ వాసన ఒక్కటే ఎక్కడికీ పోవడం లేదు.

తర్వాత ఎక్స్‌చేంజిలో యంత్రాలు వచ్చాయి, మనిషి అవసరం లేకుండా పోయింది. అత్తను మణుగూరులో ఒక ఆఫీసుకు బదిలీ చేశారు. రిటైరైనా అక్కడే ఉండిపోయింది. సీసా చుక్కలు చుక్కలుగా వాడుకుంటూ వచ్చింది, అది అడుగంటితే ఇంకొకటి తెప్పించుకుంది. ఆమె పోయినప్పుడు నాన్న, నేను అడవి దారిలో ఆటో కట్టించుకుని పోయాం. పక్క వాటాల వాళ్లు బంతిపూల దండలు తెచ్చి ఆమె మీద వేశారు. ఇన్నేళ్ల తర్వాత పూలకు అడ్డు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

అప్పటికి నాన్నకు వాసన తెలియడం మానేసి చాలా కాలమైంది. కిటికీలో ఉన్న సీసా తీసి, బిరడా విప్పి నా ముందు పట్టి, "దీంట్ల ఇంక వాసనున్నదా బిడ్డా" అని అడిగాడు. ఉందన్నాను. వంగి, బిరడాను సీసా అంచుకు ఒకసారి తాకించి, ఆమె చెవుల వెనక, మణికట్లకు ముట్టించాడు. రుద్దలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పాల్వంచ దాటాక నాన్న రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "ఆనాడు నేను తప్పు చెప్పలే బిడ్డా. గోడెనక వేడుండె. ఏ గోడనో నాకు ఎరికగాలె."

నాన్నా పోయి కొన్నేళ్లయింది. అమ్మ అంతకు ముందే పోయింది. నేను ఖమ్మంలో ఒక గది కిరాయికి తీసుకుని, పుస్తకాలతో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆదివారం మధ్యాహ్నం తలుపు దగ్గర చప్పుడైతే ఇప్పటికీ లేచి చూస్తాను.

పెళ్లిభోజనం అయ్యాక కాలనీ వైపు నడిచాను. రుమాలులో పూల వాసన అప్పటికే సన్నగిల్లుతోంది. మా క్వార్టర్ల వరస ఖాళీ చేయించి కంచె వేశారు. అవతల భూమిని పైనుంచే తవ్వుకుంటూ వస్తున్నారు. బాయిలోకి దిగే మనుషులు లేరు, ముక్కుతో గోడలు చూసే మనుషులూ లేరు. ఇళ్ల ముందు బొగ్గుపొగ లేదు, గ్యాసు వచ్చింది. గ్రంథాలయానికి తాళం. ఎక్స్‌చేంజి గది పైకప్పు పోయి, నాలుగు గోడల మధ్య పిచ్చి తుమ్మ మొలిచింది. ఒక గోడకు తీగలు దూరిన రంధ్రాలు మాత్రం వరసగా ఉన్నాయి.

అక్కడే ఎండలో నిలబడి రుమాలు తీసి వాసన చూశాను. నా చెమట, లారీలు లేపిన దుమ్ము తప్ప ఏమీ లేదు. చెట్ల బెరడు మీది ఆ నాచు చర్మానికి పడడం లేదని ఇప్పుడు దాన్ని కట్టడి చేశారని, పాత పేర్లతోనే వేరే సరుకు కలిపి చేస్తున్నారని ఆమధ్య ఎక్కడో చదివాను. మూడోది ఇక ఏ సీసాలోనూ లేకపోవచ్చు.

సాయంత్రం బస్సెక్కి, రుమాలును మళ్లీ మడిచి మెడ దగ్గర పెట్టుకున్నాను. ఖమ్మం వచ్చేదాకా తీయలేదు. నా ఒంటి వేడి చాలలేదేమోనని.